ఖరీదైన లెన్సు కొనే ముందు చెడిపోయిన ఫొటోలు తిరగేయండి

కెనాన్ సంస్థ ఆర్‌ఎఫ్ మౌంట్ (లెన్సును కెమెరాకు బిగించే అమరిక) కోసం తయారుచేసిన 50 ఎంఎం లెన్సుల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చూద్దాం. 2020లో వచ్చిన ఎఫ్/1.8 లెన్సు బరువు 160 గ్రాములు. లోపల ఉన్నవి ఆరు కటకాలు. 2018లో వచ్చిన ఎఫ్/1.2 లెన్సు బరువు 950 గ్రాములు. లోపల 15 కటకాలున్నాయి. ధరలో తేడా పది రెట్లకు పైమాటే. ఈ రెండింటి ఎపర్చర్‌ను, అంటే కాంతి లోపలికి వచ్చే ద్వారాన్ని, ఎఫ్/8 దగ్గరికి తగ్గించి (ఎఫ్ పక్కన సంఖ్య పెరిగేకొద్దీ ద్వారం చిన్నదవుతుంది), ట్రైపాడ్ మీద నుంచి ఎండలో ఒకే కొండను ఫొటో తీసి, పుస్తకం సైజు ప్రింట్లు వేసి చూపిస్తే ఏది దేనితో తీసినదో చెప్పగలిగేవారు అరుదు. అవే లెన్సుల ఎపర్చర్ పూర్తిగా తెరిచి, రాత్రి దీపాల వెలుగులో, ఫ్రేము అంచున నిలబడిన మనిషిని తీస్తే మాత్రం తేడా పట్టుకోవడానికి నిపుణులు అక్కరలేదు.

అధిక ధరలో ఎక్కువ భాగం ఈ రెండో సందర్భం కోసమే. వెలుగు చాలనప్పుడు, ఎపర్చర్ పూర్తిగా తెరవాల్సి వచ్చినప్పుడు, ఫ్రేము మూలలు కూడా స్పష్టంగా ఉండాలన్నప్పుడు, దీపం నేరుగా లెన్సులోకి కొడుతున్నప్పుడు, వందల ఫొటోల్లో ఒక్కటీ తప్పకూడదనుకున్నప్పుడు ఖరీదైన లెన్సు అక్కరకొస్తుంది. అందువల్ల దానికి ఆ ధర తగునా అన్న ప్రశ్నకు లెన్సును ఎంత పరీక్షగా చూసినా సగం జవాబే దొరుకుతుంది. మిగతా సగం మీ హార్డ్‌డిస్కులో ఉంటుంది. దాన్ని బయటికి తీసే పద్ధతిని, లెన్సును ఇంట్లోనే పరీక్షించే పద్ధతిని, ఏ పనికి డబ్బు పెట్టడం సబబో, ఏ పనికి దండగో ఇక్కడ వివరిస్తాను.

డబ్బు ఎక్కడికి పోతుంది

లెన్సు మీద రాసి ఉండే ఎఫ్ సంఖ్య ఒక భాగహారం. ఫోకల్ లెంగ్త్‌ను (లెన్సు పేరులో ఉండే 50 ఎంఎం లాంటి కొలతను) ఆ సంఖ్యతో భాగిస్తే, కాంతి లోపలికి వచ్చే ద్వారం ముందు నుంచి చూసినప్పుడు ఎంత వెడల్పుగా కనిపిస్తుందో తెలుస్తుంది. 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సుకు ఆ వెడల్పు సుమారు 28 మిల్లీమీటర్లు, ఎఫ్/1.2 లెన్సుకు సుమారు 42. వైశాల్యం లెక్కన రెండోది రెండుంబావు రెట్ల కాంతిని లోపలికి తీసుకుంటుంది. అదే 600 ఎంఎం ఎఫ్/4 లెన్సు అయితే ద్వారం 150 మిల్లీమీటర్లు ఉండక తప్పదు. అంత పెద్ద గాజు ముక్కను లోపల బుడగ గానీ, చార గానీ లేకుండా పోతపోసి, పగుళ్లు రాకుండా మెల్లగా చల్లార్చి, మైక్రోమీటరులో చిన్న భాగం మేర కూడా ఆకారం తప్పకుండా మెరుగు పెట్టడం ఎంత శ్రమో ఊహించవచ్చు. కటకాన్ని అదే ఆకారంలో రెండింతల వెడల్పు చేస్తే దానికి పట్టే గాజు ఎనిమిదింతలవుతుంది. ధర ఎఫ్ సంఖ్య వెంట నిదానంగా కాకుండా గంతులేస్తూ పెరగడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం కాంతి స్వభావంలోనే ఉంది. గోళాకారంగా అరగదీసిన కటకం అంచుల గుండా వచ్చే కిరణాలు, మధ్య గుండా వచ్చే కిరణాలు ఒకే బిందువు దగ్గర కలవవు. దీన్ని గోళీయ విపథనం అంటారు. నీలికాంతి ఎక్కువగా, ఎర్రకాంతి తక్కువగా వంగడం వల్ల వచ్చేది వర్ణ విపథనం. ఆకాశం ముందు నిలిచిన ఆకుల్లేని కొమ్మల అంచున కనిపించే ఊదా గీత దాని గుర్తు. వాటికి తోడు మూలల్లో నక్షత్రాలను తోకచుక్కల్లా సాగదీసే కోమా, చదునైన గోడను వంపు తలం మీద ఫోకస్ చేసే లోపం, గీతలను వంచే డిస్టార్షన్ ఉంటాయి. ఎపర్చర్ తగ్గించగానే కటకం అంచుల గుండా వచ్చే కిరణాలు ఆగిపోతాయి కాబట్టి వీటిలో చాలా లోపాలు వాటంతటవే సద్దుమణుగుతాయి. చవక లెన్సు ఎఫ్/8 దగ్గర అంత బాగా పనిచేయడంలోని రహస్యం అదే. ఎఫ్/1.2 లెన్సుకు ఆ వెసులుబాటు లేదు. అంచు కిరణాలను వాడుకుంటూనే వాటిని దారిలో పెట్టాలి, అందుకే ఆరు కటకాలు కాస్తా పదిహేనవుతాయి.

50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు అంత చవకగా, అంత బాగా ఉండటానికి చరిత్ర కూడా తోడ్పడింది. జైస్ సంస్థలో పాల్ రుడాల్ఫ్ 1896లో రూపొందించిన ప్లానార్‌లో ఆరు కటకాలు మధ్యనున్న ఎపర్చర్‌కు అటూ ఇటూ అద్దంలో ప్రతిబింబంలా అమరి ఉంటాయి. ఒక వైపు చేసిన తప్పును రెండో వైపు చాలా మటుకు సరిదిద్దుతుంది. నేటి చవక 50 ఎంఎం లెన్సుల్లో చాలావాటికి ఆ అమరికే మూలం. నూరేళ్లకు పైగా సానబట్టిన నమూనాను యంత్రాల మీద లక్షల్లో తయారుచేస్తున్నారు గనుక మీకు దక్కేది చవకబారు వస్తువు కాదు.

ఆ అమరికతో కుదరని చోట ప్రత్యేకమైన గాజు, ప్రత్యేకమైన ఆకారాలు వస్తాయి. అంచు వైపు వెళ్లేకొద్దీ వంపు మారే ఏస్ఫెరికల్ కటకాలను 1966 నాటి లైకా నాక్టిలక్స్ 50 ఎంఎం ఎఫ్/1.2 లెన్సులో చేత్తో అరగదీసి పెట్టారు; ఆ తర్వాత వాటిని అచ్చుల్లో పోయడం నేర్చుకున్నారు కాబట్టే ఈనాడు కెమెరాతో పాటే వచ్చే చవక కిట్ లెన్సుల్లో కూడా అవి కనిపిస్తున్నాయి. రంగులను తక్కువగా విడదీసే ఫ్లోరైట్ స్ఫటికాన్ని ప్రకృతిలో దొరికేదాకా వేచిచూడకుండా కొలిమిలో పెంచి, 1969లో కెనాన్ తన 300 ఎంఎం ఎఫ్/5.6 లెన్సులో వాడింది. నేటికీ ఫ్లోరైట్ వాడకం ప్రధానంగా పెద్ద టెలిఫొటో లెన్సుల్లోనే.

పూతల సంగతి లెక్క వేస్తే గానీ బోధపడదు. పూత లేని గాజు తలం తన మీద పడిన కాంతిలో సుమారు 4 శాతాన్ని వెనక్కి కొడుతుంది. మొదట చెప్పిన ఎఫ్/1.2 లెన్సులో పదిహేను కటకాలు తొమ్మిది గుంపులుగా ఉంటాయి. అంటే గాలికి, గాజుకు మధ్య 18 తలాలు. ఒక్కో తలం దగ్గర 4 శాతం పోతే చివరికి సెన్సరుకు చేరేది 48 శాతమే. పోయిన కాంతి పోయి ఊరుకోదు. లోపలే అటూ ఇటూ తిరిగి ఫొటో మీద తెల్లటి పొరలా పరుచుకుంటుంది. ఒక్కో తలం దగ్గర నష్టాన్ని అర శాతానికి తగ్గిస్తే 91 శాతం చేరుతుంది. 1935లో జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మకులా కనిపెట్టిన పరావర్తన నిరోధక పూతలు లేకపోతే ఇన్ని కటకాల లెన్సు అన్న ఆలోచనకే తావుండేది కాదు. పూతలు ఇప్పుడు అన్ని లెన్సులకూ ఉన్నాయి, కానీ వాటి నాణ్యతలో తేడా ఎదురు వెలుతురులో బయటపడుతుంది.

మిగిలిన డబ్బు ఫోకస్ మోటారుకు, దుమ్మును, నీటిని ఆపే రబ్బరు పట్టీలకు, కటకాలను వరుస తప్పకుండా బిగించే శ్రమకు, తక్కువ సంఖ్యలో అమ్ముడయ్యే వస్తువు పరిశోధన ఖర్చుకు పోతుంది. నికాన్ 2019లో తెచ్చిన 58 ఎంఎం ఎఫ్/0.95 నాక్ట్ లెన్సు రెండు కిలోల బరువు ఉంటుంది, పైగా ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. అలాంటివి ఇంజినీర్ల సత్తా చాటడానికి చేసిన వస్తువులు. వాటిని కొనాలా వద్దా అని లెక్కలు వేసుకునేవారు వాటిని కొనకపోవడమే మంచిది.

చెడిపోయిన ఫొటోల లెక్క

లెన్సు కొనాలనుకునేవారు సాధారణంగా తమ మంచి ఫొటోలు చూసుకుని, ఇవి ఇంకా ఎంత బాగుండేవో అని ఊహించుకుంటారు. నా సలహా దానికి పూర్తిగా ఎదురు. గత ఏడాదిలో మీరు తీసి, బాగా రాలేదని పక్కన పడేసిన ఫొటోలు ఓ రెండు వందలు ఏరండి. తొలగించే అలవాటు ఉన్నవారు ఇకపై రెండు నెలలు తొలగించకుండా ఒక ఫోల్డరులో దాచండి. ఒక్కో ఫొటోను కంప్యూటర్ తెర మీద నూరు శాతం పెద్దది చేసి చూసి, అది ఎందుకు చెడిందో రాసుకోండి. కారణం కనిపెట్టడం కష్టమేమీ కాదు.

ఫ్రేములో ఉన్నదంతా ఒకే దిశలో సాగినట్టుంటే మీ చెయ్యి కదిలింది. వెనుక గోడ స్పష్టంగా ఉండి మనిషి చేతులు, ముఖం మాత్రమే చెదిరితే ఆ మనిషి కదిలారు; షట్టర్ స్పీడ్, అంటే షట్టర్ తెరుచుకుని మూసుకునే వేగం, చాలలేదు. కళ్లు మసకగా ఉండి చెవి మీది వెంట్రుకలు గానీ, చొక్కా గుండీలు గానీ స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పింది. అంతా స్పష్టంగానే ఉండి ముఖం నల్లగా, నేపథ్యం తెల్లగా ఉంటే వెలుగు వచ్చిన దిక్కు సరిగా లేదు. ఇవేవీ కాకుండా, మధ్యలో స్పష్టంగా ఉండి మూలలు కరిగిపోతే, కొమ్మలకు ఊదా అంచు వస్తే, దీపం ఫ్రేములోకి రాగానే చిత్రమంతా పాలిపోతే, అప్పుడు తప్పు లెన్సుది.

ఈ లెక్క నేను చాలా ఆలస్యంగా వేశాను. ఇంట్లో పిల్లల ఫొటోలు అన్నీ మసకగా వస్తున్నాయని, లోపం కిట్ లెన్సుదేనని తేల్చేసి, ఆ రోజుల్లో నా తాహతుకు మించిన ఎఫ్/1.4 లెన్సు కొన్నాను. ఫొటోలు కొంత మెరుగైన మాట నిజం, కానీ అనుకున్నంత కాదు. తర్వాత పాత ఫోల్డరు తెరిచి చూస్తే దాదాపు అన్నింటిలో షట్టర్ స్పీడ్ సెకనులో 30వ వంతు. గోడ గడియారం మీది అంకెలు ముద్రించినట్టున్నాయి, పిల్లల ముఖాలే చెదిరాయి. ఐఎస్ఓ (కెమెరా కాంతికి స్పందించే స్థాయి) నాలుగింతలు పెంచి ఉంటే, లేదా కప్పు మీదికి కొట్టే చిన్న ఫ్లాష్ కొని ఉంటే పని జరిగిపోయేది. పైపెచ్చు కొత్త లెన్సును ఎప్పుడూ ఎఫ్/1.4 దగ్గరే వాడటంతో అంతకుముందు లేని ఫోకస్ తప్పులు వచ్చిపడ్డాయి.

ఆ చివరి ముచ్చట కొంచెం విడమరచాలి. ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్ము ఫ్రేమంత సెన్సరున్న) కెమెరా మీద 85 ఎంఎం లెన్సును ఎఫ్/1.2 దగ్గర ఉంచి, రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషిని తీస్తే స్పష్టంగా వచ్చే లోతు సుమారు నాలుగు సెంటీమీటర్లు. తల కాస్త పక్కకు తిప్పి కూర్చుంటే దగ్గరి కన్ను స్పష్టంగా ఉండి దూరపు కన్ను మసకబారుతుంది. ఎఫ్/2.8 దగ్గర ఆ లోతు తొమ్మిది సెంటీమీటర్లకు పెరుగుతుంది; ముఖం మటుకు అందులో ఇముడుతుంది. అందుకే ఖరీదైన పోర్ట్రెయిట్ లెన్సులు కొన్నవారిలో చాలామంది కొన్నాళ్లకు ఎఫ్/2 లేదా ఎఫ్/2.8 దగ్గర స్థిరపడతారు. అక్కడే స్థిరపడేటట్టయితే ఎఫ్/1.8 లెన్సు సరిపోయేది.

దీనికి తోడు మరో లెక్క ఉంది. ప్రతి ఫొటో ఫైలులో ఫోకల్ లెంగ్త్, ఎపర్చర్, షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ నమోదై ఉంటాయి. ఫొటోలను సర్దే సాఫ్ట్‌వేర్లలో వాటి ప్రకారం వడపోసి చూడవచ్చు. మీకు నచ్చిన ఫొటోల్లో సగానికి పైగా ఎఫ్/5.6కు, ఎఫ్/11కు మధ్య తీసినవైతే పెద్ద ఎపర్చర్ కోసం పెట్టే డబ్బు మీ ఫొటోల్లో కనిపించదు. జూమ్ లెన్సు ఉన్నా నూటికి ఎనభై ఫొటోలు 35 ఎంఎం దగ్గరే తీస్తున్నారని తేలితే, ఖరీదైన జూమ్‌కు బదులు ఒక మంచి 35 ఎంఎం ప్రైమ్ (జూమ్ లేని) లెన్సు తక్కువ ధరకే ఎక్కువ ఇస్తుంది.

ఫొటో చివరికి ఎక్కడ కనిపిస్తుంది

ఏ4 కాగితం మీద అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేయడానికి కావలసింది సుమారు 8.7 మెగాపిక్సెళ్లు, 4కే తెరను నింపడానికి 8.3. మీ కెమెరా 24 లేదా 45 మెగాపిక్సెళ్లు తీసి, ఆ చిత్రం ఫోన్ తెర మీదో, చిన్న ప్రింటు మీదో ఆగిపోతే, రెండు లెన్సుల మూలల మధ్య తేడా చిత్రాన్ని కుదించడంలోనే కలిసిపోతుంది. గోడంత ప్రింట్లు వేసేవారికి, పిట్టను దూరం నుంచి తీసి ఫ్రేములో పావు భాగమే కత్తిరించి వాడుకునేవారికి మాత్రం ప్రతి పిక్సెల్ విలువైనదే.

ఏపీఎస్-సీ కెమెరా వాడేవారు ఇంకో సంగతి గమనించాలి. వారి సెన్సరు చిన్నది కాబట్టి ఫుల్‌ఫ్రేమ్ లెన్సు తగిలిస్తే దాని మధ్య భాగమే వాడుకలోకి వస్తుంది. మధ్య భాగం చవక లెన్సుల్లోనూ బాగుంటుంది. మూలలు చక్కదిద్దడానికి తయారీదారు పెట్టిన ఖర్చంతా మీరు చెల్లించి, ఆ మూలలను వాడకుండా వదిలేసినట్టవుతుంది. తర్వాత ఫుల్‌ఫ్రేమ్ కెమెరా కొంటాం గదా అని ముందే లెన్సు కొనిపెట్టుకోవడం నాకు నచ్చని పని. ఆ ‘తర్వాత’ అనేది వచ్చేసరికి మౌంట్లే మారిపోవచ్చు.

ఎపర్చర్ మరీ తగ్గించినా ధరలో తేడా మాయమవుతుంది. సన్నని ద్వారం గుండా వెళ్లిన కాంతి వివర్తనం వల్ల విచ్చుకుంటుంది. ఎఫ్/16 దగ్గర, ఎంత నిర్దోషమైన లెన్సైనా సరే, ఒక బిందువును సుమారు 21 మైక్రోమీటర్ల వెడల్పున్న మచ్చగా చూపుతుంది. 45 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ సెన్సరులో ఒక్కో పిక్సెల్ వెడల్పు నాలుగున్నర మైక్రోమీటర్ల లోపే. ఇది భౌతిక నియమం గనుక డబ్బుతో దాటలేం.

గోడ మీద వార్తాపత్రిక

ఇప్పుడున్న లెన్సు ఎక్కడ తప్పుతోందో చూసుకోవడానికి పరీక్షశాల అక్కరలేదు. చదునైన గోడ మీద మధ్యలో ఒకటి, నాలుగు మూలల్లో ఒక్కొక్కటి చొప్పున వార్తాపత్రిక పుటలు అంటించండి. 50 ఎంఎం లెన్సుతో రెండున్నర మీటర్ల దూరంలో ట్రైపాడ్ నిలిపితే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 1.8 మీటర్ల వెడల్పు గోడ ఇముడుతుంది. కెమెరా గోడకు సమాంతరంగా ఉందో లేదో తెలియడానికి గోడ మధ్యలో చిన్న అద్దం అంటించండి; ఆ అద్దంలో మీ లెన్సు ప్రతిబింబం సరిగ్గా ఫ్రేము నట్టనడుమ కనిపించే వరకు కెమెరాను జరపండి. స్టెబిలైజేషన్ (చెయ్యి వణుకును సరిచేసే ఏర్పాటు) ఆపి, ఐఎస్ఓ కనిష్ఠంలో ఉంచి, రెండు సెకన్ల టైమరుతో, మొదట ఎపర్చర్ పూర్తిగా తెరిచి, తర్వాత ఎఫ్/2.8, 4, 5.6, 8 దగ్గర ఒక్కొక్కటి తీయండి. ప్రతిసారీ మధ్య పుట మీదే ఫోకస్ చేయండి.

చూడాల్సింది శీర్షికలను కాదు, చిన్న అక్షరాలను. మధ్యలో ఉన్న పుటలో ఒత్తులు, తలకట్లు, సున్నాలు విడివిడిగా చదవడానికి వస్తూ, మూల పుటలో ‘మ’కు, ‘య’కు తేడా తెలియకపోతే ఆ ఎపర్చర్ దగ్గర మీ లెన్సు మూల ఎంత బలహీనమో కళ్లకు కడుతుంది. ఏ ఎపర్చర్ దగ్గర అది చదవడానికి వస్తుందో రాసుకోండి. అది ఎఫ్/4 అయి, మీరు మామూలుగా తీసేది ఎఫ్/5.6 అయితే కొత్త లెన్సు ఆలోచన మానుకోవచ్చు. మూల పుట మీదే ఫోకస్ చేసి మరో ఫొటో కూడా తీయండి. అప్పుడు మూల తేటపడితే అది ఫోకస్ తలం వంపు వల్ల వచ్చిన మసక, బయట చదునుగా లేని దృశ్యాల్లో అది పెద్దగా బాధించదు.

కుడి అంచు ఒక్కటే మసకగా ఉంటే అనుమానించాల్సింది రెండు: కెమెరా సమాంతరంగా లేకపోవడం, లేదా లెన్సులో ఏదో కటకం వరుస తప్పి బిగించి ఉండటం. ఇది తేల్చడానికి కెమెరాను తలకిందులు చేసి, అదే చోట నుంచి మళ్లీ తీయండి. లెన్సుదే లోపమైతే మసక లెన్సుతో పాటే తిరిగి గోడ మీద అవతలి పుట మీదికి వెళుతుంది. గోడ వాలు వల్ల వచ్చినదైతే మొదట మసకగా ఉన్న పుటే మళ్లీ మసకగా ఉంటుంది. ఒకసారి కొత్తగా కొన్న ఖరీదైన లెన్సులోనే నాకు ఈ లోపం కనిపించింది. అప్పటిదాకా అధిక ధర అంటే నిర్దోషం అని నమ్మేవాణ్ణి. ఈ రెండు ఫొటోలు చూపించగానే అమ్మినవారు మారు మాట్లాడకుండా వేరే లెన్సు ఇచ్చారు.

లెన్సు స్పష్టతను గీతల్లో చూపుతూ తయారీదారులు ప్రకటించే ఎంటీఎఫ్ పటాల గురించి ఒక్క మాట. అడ్డంగా చిత్రం మధ్య నుంచి దూరం (ఫుల్‌ఫ్రేమ్‌లో మూల 21.6 మిల్లీమీటర్ల దగ్గర), నిలువుగా కాంట్రాస్టు ఉంటాయి, గీత కుడివైపు ఎంత ఆలస్యంగా పడిపోతే మూలలు అంత మేలు. అయితే వాటిలో చాలా పటాలు కంప్యూటర్ మీద లెక్కించినవే తప్ప మీ చేతికొచ్చే లెన్సును కొలిచి గీసినవి కావు.

ఏ పనికి ఎంత

దూరపు పిట్టలు, జంతువులు, ఆటలు తీసేవారి విషయంలో నేను వాదించను. అక్కడ ధరకు ప్రత్యామ్నాయం తక్కువ. కెనాన్ 2020లో తెచ్చిన 600 ఎంఎం ఎఫ్/11 లెన్సు 930 గ్రాముల్లో వచ్చింది. ఎఫ్/4 లెన్సు మూడు కిలోల పైచిలుకు. తెల్లవారుజామున ఎఫ్/4తో సెకనులో 1000వ వంతు షట్టర్ స్పీడ్ దొరికే వెలుగులో, అదే ఐఎస్ఓ దగ్గర ఎఫ్/11తో దొరికేది 130వ వంతు చిల్లర మాత్రమే. కొమ్మ మీద కూర్చున్న కొంగకు అది చాలు, రెక్క విప్పిన కొంగకు చాలదు. ఎండ బాగా ఉన్న వేళల్లో మాత్రమే తీసేవారికి మాత్రం ఆ తేలికైన లెన్సు మంచి బేరం.

వేడుకలను డబ్బు తీసుకుని చిత్రీకరించేవారికి ఖరీదైన ఎఫ్/2.8 జూమ్ పనిముట్టు కిందే లెక్క. ఆ క్షణం మళ్లీ రాదు, వెలుగు వారి చేతిలో ఉండదు, ఫోకస్ తప్పితే డబ్బిచ్చినవారికి చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. రాత్రి ఆకాశాన్ని తీసేవారికి కోమా తక్కువగా ఉన్న లెన్సు అవసరం, ఎందుకంటే మూలల్లో రెక్కలు విప్పిన పిట్టల్లా మారిన నక్షత్రాలను సాఫ్ట్‌వేర్ సరిచేయలేదు. డిస్టార్షన్, మూలల్లో చీకటి, పక్కకు విడిపోయిన రంగుల అంచులు మాత్రం సాఫ్ట్‌వేర్ తేలిగ్గానే సరిచేస్తుంది. వాటి కోసం డబ్బు పెట్టకండి. వీడియో తీసేవారు ఫోకస్ మారుతున్నప్పుడు ఫ్రేము ఊపిరి తీసినట్టు పెద్దదై చిన్నదవుతోందా, మోటారు చప్పుడు వినిపిస్తోందా అన్నవి ముందు చూడాలి.

పగటిపూట ప్రకృతి దృశ్యాలను ట్రైపాడ్ మీద నుంచి తీసేవారు, ప్రయాణాల్లో తీసేవారు, కుటుంబ ఫొటోలు తీసేవారు ఎక్కువ డబ్బు పెట్టి ఎక్కువ బరువు మోయడం తప్ప పెద్దగా పొందేది ఉండదు. కెనాన్ ఆర్‌ఎఫ్ 70-200 ఎఫ్/2.8 బరువు 1,070 గ్రాములు, ఎఫ్/4 బరువు 695 గ్రాములు. కొండెక్కేటప్పుడు ఆ తేడా ఎఫ్ సంఖ్యకన్నా ముందు గుర్తొస్తుంది. పైగా వెలుగు చాలని ఫొటోల్లో ఇసుక చల్లినట్టు కనిపించే గ్రెయిన్‌ను తొలగించే సాఫ్ట్‌వేర్ ఈ కొన్నేళ్లలో బాగా మెరుగుపడటంతో, ఒక స్టాప్ (అంటే రెండింతల) వెలుగు కోసం గతంలో చెల్లించినంత ఇప్పుడు చెల్లించనక్కరలేదని నా అభిప్రాయం. నేపథ్యం మెత్తగా కరిగిపోవడాన్ని మాత్రం సాఫ్ట్‌వేర్ ఇంకా నమ్మదగినట్టు చేయలేకపోతోంది. జుట్టు అంచుల దగ్గర దొరికిపోతుంది.

మధ్యదారులు

చవకకు, ఖరీదుకు మధ్య చాలా చోటుంది. టామ్రాన్ 2018లో సోనీ ఇ-మౌంట్ కోసం తెచ్చిన 28-75 ఎంఎం ఎఫ్/2.8 లెన్సు 550 గ్రాములే. అప్పటి సోనీ 24-70 ఎఫ్/2.8 జీ మాస్టర్ 886 గ్రాములు. వెడల్పు వైపు నాలుగు మిల్లీమీటర్లు వదులుకుంటే ధర, బరువు రెండూ బాగా తగ్గాయి. సిగ్మా 2012 నుంచి తెస్తున్న ఆర్ట్ శ్రేణి కూడా ఇలాంటి మేలే చేసింది. మీ మౌంట్‌కు ఇతర సంస్థల లెన్సులు ఏవి దొరుకుతాయో కెమెరా కొనే ముందే చూసుకోవాలి. అన్ని మౌంట్లకూ అన్నీ రావు.

వాడిన లెన్సు కొనడం మరో దారి. లోపల అద్దం ఉండే పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల లెన్సులు అడాప్టరుతో అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల మీద చక్కగా పనిచేస్తాయి. ఒకనాటి ప్రీమియం లెన్సు నేటి మధ్యతరగతి ధరకు దొరుకుతుంది. అయితే చీకటి గదిలో టార్చి వెనుక నుంచి వేసి లోపలికి చూడండి. సాలెగూడులా, సన్నని వేళ్లలా పాకిన చారలుంటే అది బూజు. ధర ఎంత తగ్గించినా వదిలేయండి. నాలుగు దుమ్ము రేణువులను మాత్రం పట్టించుకోనక్కరలేదు. ఎపర్చర్ రేకుల మీద నూనె మెరుపు, మౌంట్ లోహం ఒక పక్క అరగడం, జూమ్ రింగు మధ్యలో పట్టేయడం చూడండి. గోడ మీద వార్తాపత్రిక పరీక్షకు అమ్మేవారు ఒప్పుకోకపోతే కనీసం దూరపు భవనాన్ని ఎపర్చర్ పూర్తిగా తెరిచి తీసి నాలుగు మూలలూ పోల్చండి.

అద్దెకు తెచ్చుకోవడం అన్నిటికన్నా చవకైన పాఠం. ఒక వారాంతం తెచ్చుకుని, చెడిపోయిన ఫొటోలు ఎక్కువగా వచ్చిన అదే చోట, అదే వేళ, మీ పాత లెన్సుతోనూ అద్దె లెన్సుతోనూ ఒకేలాంటి ఫొటోలు తీయండి. ఫైళ్ల పేర్లు మార్చి, నమోదైన వివరాలు కనబడకుండా చేసి, వారం తర్వాత వాటిలో బాగున్నవాటిని మీరే ఏరండి.

కొన్న తర్వాత మొదటి వారం

కొనడం తప్పదని లెక్కలు తేల్చితే, వాపసు గడువు ఎన్ని రోజులో అడిగి తెలుసుకుని, పెట్టె, బిల్లు దాచి ఉంచండి. ఖరీదైన లెన్సు ముందు చవక ఫిల్టరు తగిలించకండి. పూత సరిగా లేని ఆ గాజు రెండు తలాలు మీరు డబ్బు పోసి కొన్న పూతలను వెక్కిరిస్తాయి. దెబ్బల నుంచి, పక్క వెలుతురు నుంచి కాపాడటానికి హుడ్ (లెన్సు ముందు తగిలించే తొడుగు) చాలు. రబ్బరు పట్టీలున్న లెన్సును జల్లులో వాడవచ్చు, కానీ నీటి వల్ల వచ్చిన నష్టం సాధారణంగా వారంటీ కిందికి రాదు. కెమెరాకు కూడా ఆ రక్షణ లేకపోతే లెన్సుకు ఉన్నా ప్రయోజనం అంతంతే. దాచే చోట తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా, మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచండి.

ఆ వారంలోనే అదే గోడ మీద అవే పుటలు మళ్లీ అంటించి, అవే ఎపర్చర్ల దగ్గర కొత్త లెన్సుతో తీయండి. పాత లెన్సు ఫొటోలను పక్కన పెట్టి, మీరు ఎక్కువగా వాడే ఎపర్చర్ దగ్గర మూల పుటలోని చిన్న అక్షరాలు రెండింటిలో ఒకేలా చదవడానికి వస్తుంటే, ఫోకస్ వేగం వంటి మరో కారణమేదైనా ఉందేమో ఒక్కసారి ఆలోచించి, అదీ లేకపోతే గడువు దాటకుండా లెన్సు తిరిగి ఇచ్చేయండి.